గంటల లెక్క తెలియని మీటరు

పొద్దున్నే డ్రైవరు వచ్చి తాళం తిప్పుతాడు. ఒక్క సెకను... మహా అయితే రెండు సెకన్లు. బానెట్ కింద ఎవరో డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలమంటుంది. అంతలోనే సర్దుకుంటుంది. 'డీజిల్ బండి కదా సార్, చల్లగా ఉన్నప్పుడు అలాగే ఉంటది' అంటాడతను. వెనక సీట్లో సారు ఫోన్‌లో ఉంటారు. తలూపుతారు. బండి రోడ్ నంబర్ 36 ఎక్కి చెక్‌పోస్టు వైపు సాగిపోతుంది.

ఆ రెండు సెకన్ల చప్పుడు చాలావరకు టైమింగ్ చెయిన్‌ది. బండి ఉన్నవాళ్లలో చాలామందికి ఆ పేరు మెకానిక్ నోట వినేదాకా తెలియదు. వినేసరికి బిల్లు కూడా పక్కనే ఉంటుంది!

సంగతేంటంటే... ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంటుంది. పైన క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ వాల్వులను తెరిచి మూస్తుంటుంది. కింద రెండు చుట్లు తిరిగితే పైన ఒక్క చుట్టే తిరగాలి. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచే ఇనుప గొలుసే టైమింగ్ చెయిన్. సైకిల్ చెయిన్‌కి దగ్గరి చుట్టం. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న చెయిన్ ఈ వంశానికి మూలపురుషుడు. కాకపోతే సైకిల్ చెయిన్ పడిపోతే దిగి, చేతులకు మసి పూసుకుని ఎక్కించుకుంటాం. ఇది తప్పితే అంత తేలిగ్గా తేలదు.

చాలా ఇంజన్లలో పిస్టన్ పైకి వచ్చే చోటికే వాల్వు కిందికి దిగుతుంది. ఇద్దరికీ గది ఒక్కటే, వేళలే వేరు. కృష్ణానగర్‌లో సినిమా కుర్రాళ్లు ఒకే చాప మీద వంతులేసుకుని పడుకున్నట్టు. నైట్ షూటింగ్ నుంచి ఒకడు వచ్చేసరికి రెండోవాడు లేచి వెళ్లిపోయి ఉండాలి. ఇంజన్‌లో ఆ వేళ తప్పిందంటే వాల్వులు వంగుతాయి, పిస్టన్లకు గంట్లు పడతాయి, హెడ్డు దించాల్సి వస్తుంది. ఒక్కోసారి ఇంజనే మార్చాలి.

పాత ప్రొజెక్టర్ నడిపినవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. 35 ఎంఎం ఫిల్ములో ఒక్కో ఫ్రేముకు అంచున నాలుగు చిల్లులు. పళ్లచక్రం ఆ చిల్లుల్ని పట్టుకుని ఫ్రేమును కిందికి లాగేటప్పుడు షట్టరు వెలుగును ఆపాలి, ఫ్రేము నిలిచాక వదలాలి. షట్టరు రవ్వంత ముందో వెనకో అయితే తెర మీద టైటిళ్లకు తోకలొచ్చేవి. క్యాబిన్ లోంచి ఆపరేటరు పరుగెత్తుకొచ్చి సరిచేసేవాడు. సరదాకి ఓ లెక్క చూడండి. ఇంజన్ నిమిషానికి 2,880 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు సరిగ్గా 24 సార్లు తెరుచుకుంటుంది. మన సినిమా ఫ్రేములూ సెకనుకు 24 కదా! ప్రొజెక్టర్‌లో టైమింగ్ తప్పితే జనం ఈల వేసేవాళ్లు. ఇంజన్‌లో తప్పితే ఈల వేసే టైము కూడా ఉండదు.

ఇక్కడ మీకో అనుమానం రావచ్చు. బండి అమ్మినప్పుడు 'చెయిన్‌కి మెయింటెనెన్స్ ఉండదండీ, ఇంజన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది' అన్నారు కదా అని. అన్నారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కొన్ని బండ్లలో చెయిన్ బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. పాత డీజిల్ ఇన్నోవా, 2009లో మన దేశానికి వచ్చిన మొదటి ఫార్చ్యూనర్ అలాంటివే. వాటిలో బెల్టు మార్చే వేళ వచ్చిందని చెప్పడానికి మీటరు దగ్గర ఓ దీపం కూడా వెలుగుతుంది. 2016లో వచ్చిన క్రిస్టా, కొత్త ఫార్చ్యూనర్ల డీజిల్ ఇంజన్లు చెయిన్‌కి మారాయి. దీపం పోయింది. దీపం పోయింది కాబట్టి పని కూడా పోయిందని జనం అనుకున్నారు. అక్కడే ఉంది తిరకాసు.

చెయిన్ సాగదు. 'చెయిన్ సాగింది' అని మెకానిక్ అంటే అర్థం, దాని కీళ్లు అరిగాయని. చెయిన్‌లో నూటయాభై కీళ్లున్నాయనుకోండి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుక మందంలో సగం అరిగినా మొత్తం మీద అర సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. ఆ వదులును బిగించి పట్టేందుకు టెన్షనర్ ఉంటుంది. చాలా బండ్లలో అది ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. రాత్రంతా బండి నిలబడితే అందులోని ఆయిల్ కిందికి జారిపోతుంది. పొద్దున స్టార్ట్ చేసి ప్రెషర్ వచ్చేలోపు వదులుగా ఉన్న చెయిన్ ప్లాస్టిక్ గైడ్లను కొడుతుంది. అదీ ఆ గలగల.

మరి కీళ్లు ఎందుకు అరుగుతాయి? ఆయిల్ చెడిపోయి. డీజిల్ మసి ఆయిల్‌లో కలిస్తే అది సన్నటి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. అందుకే ఆయిల్ మార్చమంటారు. ఎప్పుడు మార్చాలి? పదివేల కిలోమీటర్లకనో, ఏడాదికనో పుస్తకంలో ఉంటుంది. ఊళ్ల మధ్య తిరిగే బండికి ఆ లెక్క బాగానే సరిపోతుంది. ఫిల్మ్‌నగర్ బండికి సరిపోదు.

ఎందుకో ఏదైనా షూటింగ్ జరిగే చోట ఓ గంట నిలబడి చూడండి. హీరోగారి బండి, డైరెక్టరుగారి బండి, నిర్మాతగారి బండి వరసగా నిలబడి ఉంటాయి. అన్నిట్లో ఏసీ నడుస్తుంటుంది. షాట్ ఎప్పుడైపోతుందో తెలియదు. వచ్చి ఎక్కేసరికి లోపల చల్లగా లేకపోతే డ్రైవరుకు మాట పడుతుంది. ఎండాకాలంలో అతను మాత్రం ఎక్కడ కూర్చుంటాడు? అలా రోజుకి ఐదు గంటలు బండి కదలకుండానే ఇంజన్ తిరుగుతుంది. మీటరు మాత్రం అంగుళం జరగదు.

అమెరికాలో పోలీసు బండ్లదీ ఇదే కథ. అందుకే ఫోర్డ్ కంపెనీ వాటి కోసం ఒక లెక్క చెప్పింది. గంటసేపు నిలబెట్టి ఇంజన్ నడిపితే సుమారు 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్లు తిరిగినట్టే అని. అంచనా లెక్కే అనుకోండి, అన్ని బండ్లకూ అచ్చంగా సరిపోకపోవచ్చు. అయినా వేసి చూద్దాం. రోజుకి ఐదు గంటలు, నెలకి ఇరవై కాల్షీట్లు. నెలకి వంద గంటలు. ఆర్నెల్లకి ఆరొందలు. అంటే దాదాపు 32 వేల కిలోమీటర్ల అరుగుదల! ఇంటి నుంచి స్టూడియోకి, స్టూడియో నుంచి ఇంటికి రోజుకి ఇరవై కిలోమీటర్లు తిరిగితే ఆర్నెల్లకు మీటరు మీద కనిపించేది 2,400. పదివేలు దాటాక చూద్దాంలే అనుకునే ఓనరుకి ఆ పదివేలు వచ్చేసరికి రెండేళ్లు దాటుతుంది.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 డీజిల్ బండ్లకు ఇంకో బాధ. సైలెన్సర్ దారిలోని ఫిల్టరులో పేరుకున్న మసిని కాల్చేందుకు చాలా ఇంజన్లు అదనంగా డీజిల్ చల్లుకుంటాయి. ఆ పని సగంలో ఆగిపోతుంటే, కాలని డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది. ఎక్కువగా నిలబడి ఉండే బండికి, రెండు కిలోమీటర్లు పోయి ఆగే బండికి ఈ సమస్య ఎక్కువ.

తమాషా ఏంటంటే, అదే లొకేషన్‌లో నాలుగడుగుల దూరంలో జనరేటర్ వ్యాన్ ఉంటుంది. దాని డీజిల్ ఇంజన్‌కి ఆయిల్ ఎప్పుడు మార్చాలని ఆపరేటరుని అడగండి. కిలోమీటర్లు అనడు. 'ఇన్ని గంటలకు' అంటాడు. గంటల మీటరు చూపిస్తాడు. పక్కనే నిలబడి ఏసీ కోసం జనరేటర్‌లా తిరుగుతున్న కోటి రూపాయల బండికి మాత్రం ఆ లెక్క వేసేవాళ్లు లేరు. ఫ్యాన్సీ నంబరు కోసం ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో లక్షలు పోసినవాళ్లు ఆరేడు లీటర్ల ఆయిల్ దగ్గర ఏడాది ఆగడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

సరే, పెద్దవాళ్ల బండి పాడైతే పెద్దవాళ్లు కొత్తది కొనుక్కుంటారు. మనకెందుకు? ఎందుకంటే, ఆ బండి అక్కడితో ఆగదు.

కృష్ణానగర్‌లో ఒకాయన అలాంటి ఎస్‌యూవీనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. జూబ్లీహిల్స్‌లోని ఓ పెద్దింటి బండి. సీట్లు కొత్తవిలా ఉన్నాయి. గీత లేదు. మీటరు మీద 62 వేలే. 'దేవుడి రథంలా ఉందన్నా' అన్నారట స్నేహితులు. పెద్దమ్మ గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, షూటింగ్ కంపెనీలకు బాడుగకి పెట్టాడు. ఇల్లు గడిచేది దాని మీదే. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులూ దాని మీదే. మూడో ఏడాది పొద్దుటి గలగల రెండు సెకన్ల నుంచి పది సెకన్లయింది. తర్వాత ఇంజన్ దీపం వెలిగింది. స్కానర్ పెడితే పి0016 అని చూపించింది. అంటే కింది షాఫ్టుకీ పై షాఫ్టుకీ లెక్క కలవడం లేదని.

సర్వీస్ సెంటర్ చెప్పిన అంచనా ఆయన మూడు నెలల సంపాదన. పైగా వారం రోజులు బండి అక్కడే. వారం బాడుగ పోవడం ఒక ఎత్తు. ఈలోగా ప్రొడక్షన్ మేనేజరు వేరే బండి పెట్టుకుంటే ఆ సినిమా మొత్తం పోతుంది. అది ఇంకో ఎత్తు. అందుకే యూసుఫ్‌గూడలో షెడ్డు నడిపే ఉస్తాద్‌ని బతిమాలుకున్నాడు. 'ఇంటికాడికి వచ్చి చెయ్యి భాయ్. నేనే హెల్పర్‌గ ఉంట' అని. ఉస్తాద్ వెంటనే ఒప్పుకోలేదు. ముందు బండి చూశాడు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, చెయిన్ ఏ వైపు ఉందో చూశాకే మాటిచ్చాడు.

ఇంట్లో చేయగలిగే పనో కాదో తేల్చేది ఆ ఒక్క చూపే. ఛాసిస్ మీద కూర్చున్న పాత తరహా ఎస్‌యూవీల్లో ఇంజన్ నిలువుగా ఉంటుంది. చాలావాటిలో చెయిన్ ముందువైపు. రేడియేటర్, ఫ్యాన్ తీస్తే మనిషి చేతులు పట్టేంత చోటొస్తుంది. ఇంజన్ అడ్డంగా కూర్చున్న చిన్న ఎస్‌యూవీల్లో చెయిన్ బాడీ గోడకి ఆనుకుని ఉంటుంది. ఇంజన్‌ని కింద నుంచి మోసి పట్టుకుని, మౌంటింగ్ విప్పితే గానీ పానా తిరగదు. ఇక కొన్ని ఇంజన్లలో చెయిన్ వెనక, గేరుబాక్సు వైపు ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్ అలాంటిదే. దాని చెయిన్ తొందరగా అరుగుతుందన్న పేరు ప్రపంచమంతా పాకింది. సెకండ్ హ్యాండ్‌లో పాత ఎక్స్1, ఎక్స్3 డీజిల్ చవకగా వస్తోందని మురిసిపోయేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. దాన్ని సెల్లార్‌లో చేస్తామని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి పంపేయడమే.

అమెరికాలో మనవాళ్లు ఈ పని సొంతంగా చేసుకోవడం కొత్తేం కాదు. ఇంటికో గ్యారేజీ, మెకానిక్ గంట కూలీ చూస్తే కళ్లు తిరగడం, పెద్ద పెద్ద పనిముట్లను డిపాజిట్ మీద తెచ్చుకునే వీలు... అన్నీ కలిసి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చేత పానా పట్టిస్తాయి. అక్కడా గుండెలు తీసిన బండ్లున్నాయి. పాత ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నాలుగు లీటర్ల వి6లో ఒక చెయిన్ ముందు, ఒకటి వెనక. వెనకది మార్చాలంటే మామూలుగా ఇంజన్ దించాల్సిందే. మన దగ్గర గ్యారేజీ బదులు అపార్టుమెంటు సెల్లార్ ఉంటుంది. నేల మీద నూనె చుక్క పడితే అసోసియేషన్ సెక్రటరీ కిందికి దిగొస్తాడు.

మన కృష్ణానగర్ ఆయనకి సెల్లార్ కూడా లేదు. ఫిల్మ్‌నగర్ వెనక బస్తీలో బావమరిది ఇంటి ముందు రేకుల షెడ్డుంది. అక్కడ పెట్టారు. పక్కింట్లో లైట్‌మ్యాన్ ఉంటాడు. సాయంత్రానికి అతనో ఎల్‌ఈడీ ప్యానెల్ తెచ్చి స్టాండుకి బిగించాడు. హీరోయిన్ ముఖం మీద పడాల్సిన వెలుగు మూడు రాత్రులు ఇంజన్ మీద పడింది.

మొదటి రాత్రంతా విప్పడమే. బ్యాటరీ నెగిటివ్ తీశారు. కూలెంటు, ఆయిల్ వంపారు. జాకీ మీద లేపి, కింద ఇనుప స్టాండ్లు పెట్టాకే ఉస్తాద్ బండి కిందికి దూరాడు. ఇటుకలు పేర్చబోయిన బావమరిదిని కసిరాడు. ఇటుక పగిలితే పైన రెండు టన్నులుంది మరి. క్రాంక్ పుల్లీ బోల్టు రావడానికి గంటన్నర పట్టింది. విప్పే ముందు ప్రతి దశలో ఫోన్‌తో ఫొటోలు తీయించాడు. 'నా తలకాయలో అంతా ఉంటది. కానీ ఫొటో మర్చిపోదు' అన్నాడు.

రెండో రాత్రి కవరు ఊడదీశారు. పాత చెయిన్ బయటికొచ్చింది. ఉస్తాద్ దాన్ని, కొత్తదాన్ని ఒకే మేకుకి పక్కపక్కన వేలాడదీశాడు. పాతది అగ్గిపుల్ల మందం కిందికి దిగింది. అంతే. ఆ అగ్గిపుల్ల మందమే ఇంత కథ నడిపింది. ఆయిల్ చాంబర్ విప్పితే అడుగున గోధుమరంగు ప్లాస్టిక్ పెంకులు. గైడ్లవి. ఇంకొన్ని పెంకులు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుంటే, చెయిన్ తెగకుండానే ఇంజన్ పట్టేసేది.

అక్కడ చిన్న వాదన నడిచింది. చెయిన్ ఒక్కటీ మార్చి, పళ్లచక్రాలు, టెన్షనర్ పాతవే వేస్తే కొంత మిగులుతుందని ఓనరు ఆశ. ఉస్తాద్ పానా కింద పెట్టేశాడు. 'సగం పని నేను చెయ్య భాయ్. అరిగిన పళ్ల మీద కొత్త చెయిన్ ఏస్తే దాన్ని గూడ తింటది. మళ్ల ఆర్నెల్లకు ఇదంతా ఇప్పుకుంట కూసుందామా?' రాణీగంజ్ నుంచి మొత్తం కిట్ వచ్చింది. చెయిన్, గైడ్లు, టెన్షనర్, పళ్లచక్రాలు, ఆయిల్ సీలు, కొత్త క్రాంక్ బోల్టు. ఆ బోల్టు ఒకసారి బిగిస్తే సాగే రకం, రెండోసారి వాడకూడదు. ఉస్తాద్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ పనిలో ఖర్చంతా విప్పి బిగించడంలోనే. లోపల వేసే వస్తువుల దగ్గర పిసినారితనం చేస్తే రెండు కూలీలు కట్టుకున్నట్టే.

టైమింగ్ కట్టేటప్పుడు మాత్రం షెడ్డులో మాటలు ఆగిపోయాయి. చెయిన్‌లో కొన్ని లింకులకు రంగుంటుంది. వాటిని పళ్లచక్రాల మీది చుక్కలకు ఎదురుగా పెట్టాలి. షాఫ్టులు కదలకుండా పిన్నులు వేశారు. చెయిన్ ఎక్కించారు. టెన్షనర్ క్లిప్పు లాగారు. 'టక్' మంది. పిన్నులన్నీ తీసి లెక్కపెట్టాక, సెల్ఫ్ జోలికి పోకుండా, పానాతో చేత్తోనే ఇంజన్‌ని నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాడు. ఎక్కడన్నా గట్టిగా తగిలితే ఆపేయాలి. బలం వాడితే వంగేది వాల్వే. తగల్లేదు. కానీ చూస్తే రంగు లింకులు చుక్కలకు ఎదురుగా లేవు! ఓనరుకి చెమటలు పట్టాయి. ఉస్తాద్ నవ్వాడు. రంగు లింకులు ఎక్కించేటప్పటి గుర్తులే. లింకుల లెక్కకీ పళ్ల లెక్కకీ ఉన్న తేడా వల్ల అవి మళ్లీ ఎదురుపడాలంటే చాలా చుట్లు తిరగాలి. రెండు చుట్ల తర్వాత చూడాల్సింది చక్రాల మీది గుర్తులు, ఇంజన్ మీది గుర్తులు కలిశాయా లేదా అని. కలిశాయి. పిన్నులు కూడా మళ్లీ సరిగ్గా దిగాయి. ఇంట్లో చేసుకునే కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే కంగారుపడి మొత్తం విప్పేస్తారట.

కవరుకి పేస్టు రాసి రాత్రంతా ఆరనిచ్చారు. మూడో రోజు ఆయిల్, కూలెంటు పోశారు. ఇంజెక్టర్ల కనెక్షను తీసి సెల్ఫ్ కొట్టారు. ఆయిల్ టెన్షనర్ దాకా చేరడానికి. ఆ తర్వాత కనెక్షన్లు పెట్టి స్టార్ట్ చేశారు. గలగల లేదు. దీపం ఆర్పించి, స్కానర్‌తో ఇంకోసారి చూసుకున్నారు.

మొత్తం ఖర్చు సర్వీస్ సెంటర్ చెప్పినదాంట్లో సగం లోపే తేలింది. ఓనరు తన మూడు రాత్రుల కూలీ వేసుకోలేదు గానీ! వంపిన ఆయిల్‌ని బావమరిది నాలాలో పోయబోతే ఉస్తాద్ ఆపి క్యానులోకి పట్టించాడు. రీసైక్లింగ్‌కి తీసుకెళ్లేవాళ్లు షెడ్డుకి వస్తారట.

ఒక పని మాత్రం ఉస్తాద్ చెప్పకుండానే ఓనరు తనంతట తనే చేశాడు. జనరేటర్ వ్యాన్ ఆపరేటరు దగ్గర నేర్చుకున్నదట. డ్రైవరు తలుపు లోపల తెల్ల టేపు అంటించి, దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ, కిలోమీటర్లు రాశాడు. కింద ఇంకో వరస ఖాళీగా ఉంచాడు. రోజూ షూటింగ్ అయ్యాక ఎన్ని గంటలు ఇంజన్ నిలబడి తిరిగిందో అందులో గీతలు గీస్తాడు. 250 గీతలకు ఆయిల్. నేను చూసేసరికి పదకొండు గీతలున్నాయి.